నూటికి నూరు శాతం భయం

ముందుగా క్షమించమని అడగాలి. నేను పలక పట్టింది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులు కొన్నిచోట్ల జారిపోయి ఉంటాయి, దీర్ఘాలు అక్కర్లేని చోట మిగిలిపోయి ఉంటాయి. ఈ కాసిని కాగితాలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మీరు పావుగంటలో చదివేస్తారు. పర్వాలేదు, వండేవాళ్ళకీ తినేవాళ్ళకీ ఆ తేడా ఎప్పుడూ ఉన్నదే. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. జరిగిన దాంట్లో మాత్రం దిద్దుకోవాల్సిందేమీ లేదు.

మా కొత్తరేవులో వసంత మహల్ అని ఒకటే సినిమా హాలు. ఈ సంగతి జరిగేనాటికి పంతొమ్మిదేళ్ళుగా అందులో ఊడుస్తున్నాను. ఆటకీ ఆటకీ మధ్య ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో నాలుగు వందల పన్నెండు కుర్చీల కిందా వంగి వేరుశనగ తొక్కలు, పేలాలు, పాలపీకలు, ఒకోసారి కట్టుడు పళ్ళు కూడా బయటికి లాగాలి. చీపురు ఎంత పొడుగుదైనా కుర్చీ కిందికి నడుం వంచాల్సిందే. రెండేళ్ళ నుంచి నా మోకాళ్ళు వంగితే లేవవు, లేస్తే వంగవు.

గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన ఆ నెలాఖరుకి మానేస్తున్నాడు. గేటు పని అంటే ఎత్తు పీట మీద కూర్చుని చేసే పని. వంగే పని ఒక్కటీ ఉండదు. ఆ పని నాకిప్పించమని మేనేజరు తాతబ్బాయి గారిని అడిగాను. ఆయన మంచివాడే గాని, రూలు ప్రకారం మంచివాడు. గేటు దగ్గర కూర్చునేవాళ్ళకి చదువొచ్చినట్టు కాగితం ఉండాలని ఓనరు గారి రూలట. ఇప్పుడున్న పెద్దాయనకి అక్షరం ముక్క రాదు కదా అన్నాను.

"ఆయనకి చదువు రాదు, కాగితం ఉంది. నీకు చదువొచ్చు, కాగితం లేదు. నేనేం చెయ్యను పేరంటాలూ," అన్నారు తాతబ్బాయి గారు.

నెలాఖరులోగా కాగితం తెస్తే పీట నాది, లేకపోతే చీపురు నాది. అదీ నా సంగతి.

కాగితం ఇచ్చేది వయోజన విద్యా కేంద్రం. పంచాయతీ ఆఫీసు వెనక గదిలో మధ్యాహ్నం పూట నడుస్తుంది. మేము పంతొమ్మిది మందిమి, అందరం ఆడవాళ్ళమే. నూకరత్నం అనే అమ్మాయి మాకు టీచరు. నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నది, నన్ను పెద్దమ్మా అంటుంది. నా పక్కన కూర్చునేది కూరగాయల కాసులమ్మ. వదినా అని పిలుస్తుంది గాని మాకు చుట్టరికం లేదు, ఒకే పలక వాడుకున్నాం.

చివరి పరీక్షకి ఇంకా రెండు వారాలుందనగా జిల్లా నుంచి సర్క్యులర్ వచ్చింది. పంపినది జిల్లా వయోజన విద్యా ఉపసంచాలకులు అయ్యగారి దక్షిణామూర్తి గారు. ఆ నెల శాస్త్రీయ దృక్పథ మాసోత్సవమట. మూఢనమ్మకాలు పోవడానికి ప్రతి అభ్యాసకురాలూ ఒక వైజ్ఞానిక చిత్రం విధిగా వీక్షించి, దాని మీద సొంత దస్తూరీతో పరీక్ష రాయవలెనని ఉంది. ఆ నెల జిల్లాలో ఆడుతున్న సినిమాల్లో విజ్ఞానం ఉన్నది ఒక్కటే. దాని పేరు "అంగారక పిశాచి". అందులో రాకెట్టు ఉంది కాబట్టి, సినిమా ఎంచడానికి ఆయన వేసిన కమిటీ దాన్ని వైజ్ఞానికం అంది. పిశాచి సంగతి అడిగితే, అది అంగారక గ్రహానిది కాబట్టి మూఢనమ్మకం కిందికి రాదు, ఖగోళశాస్త్రం కిందికి వస్తుందని చెప్పారట.

సినిమా పోస్టరు మీద "గుండె జబ్బున్నవారు చూడరాదు" అని వేశారు. కమిటీ ఆ ముక్క కూడా శ్రద్ధగా చదివింది. ఈ సినిమా చూస్తే భయం కలగాలి, కాబట్టి భయం కలగడమే దీని అభ్యసన ఫలితం, కాబట్టి భయం కలగనివాళ్ళకి సినిమా అర్థం కానట్టే, అర్థం కానివాళ్ళకి చదువు రానట్టే అని తీర్మానించింది. యాభై మార్కులు విజ్ఞానానికి, యాభై భయానికి పెట్టారు.

సినిమాకి మమ్మల్ని ఒక బుధవారం మార్నింగ్ షోకి తీసుకెళ్ళారు. నా జీవితంలో ఆ హాల్లో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. కూర్చోగానే అలవాటు కొద్దీ కాలితో కింద తడిమి చూసుకున్నాను. శుభ్రంగానే ఉంది. నేనే ఊడ్చాను మరి.

కథ చెబుతాను. చూడనివాళ్ళకి వచ్చే నష్టమేమీ లేదు. ఆరుగురు శాస్త్రవేత్తలు రాకెట్టెక్కి అంగారక గ్రహానికి వెళతారు. వస్తూ వస్తూ ఒక రాయి తెచ్చుకుంటారు. ఊరెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి తెచ్చుకోవడం మామూలే కనుక దాన్ని నేను తప్పు పట్టలేదు. ఆ రాయిలోంచి పచ్చటి జిగురు కారుతుంది. మేం కెవ్వున అరవాలని అక్కడ సంగీతం గట్టిగా వాయించారు. నాకేమో అడుగంటిన సగ్గుబియ్యం పాయసం కనిపించింది. ఆ జిగురు పెరిగి పెరిగి పిశాచి అవుతుంది. పిశాచి వీపున మెడ దగ్గర్నుంచి నడుం దాకా జిప్పు ఉంది. అంగారకుడి మీద కూడా టైలర్లున్నారని కాసులమ్మ నా చెవిలో చెప్పింది. రాకెట్టులో కుర్చీలు మా ఊరి కల్యాణమండపంలో కుర్చీల్లాంటివే, ఒకదాని వెనక నంబరు కూడా వేసి ఉంది. ఇంటర్వెల్లు ముందు ఆరుగురూ గాజు టోపీలు పెట్టుకుని ఒక పాట పాడారు. టోపీ లోపల పాడితే బయటికి ఎలా వినపడిందో విజ్ఞానం మార్కుల్లో అడుగుతారేమోనని ఆలోచించి పెట్టుకున్నాను. అడగలేదు.

నన్ను కట్టి పడేసింది వేరే సంగతి. ఆ రాకెట్టులో ప్రతి తలుపు మీదా అక్షరాలు రాసి ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళు నేను ఊడవడానికి లోపలికొచ్చి, ఆట చివర ఆ తెర మీద అక్షరాలు కనపడినప్పుడల్లా చీమలు పారుతున్నాయనుకుని చూపు తిప్పుకునేదాన్ని. ఆ రోజు అవి చీమలు కావు. "యంత్రశాల." చదివాను. "ఆహారపు గది." చదివాను. పిశాచి ఒకణ్ణి మింగుతోంది, నేను అతని తల పక్కన "పొగ తాగరాదు" చదువుతున్నాను. పిశాచిని ఎవరు చూశారు.

రెండో సగమంతా మిగిలినవాళ్ళు బయటికి దారేదీ దారేదీ అని ఏడుస్తూ అటూ ఇటూ పరిగెత్తారు. పరిగెత్తిన ప్రతిసారీ ఒకే తలుపు ముందు నుంచి పరిగెత్తారు. దాని మీద నా జానెడంత అక్షరాలతో "అత్యవసర ద్వారం" అని ఉంది. నాలుగుసార్లు ఊరుకున్నాను. ఐదోసారి ఊరుకోలేకపోయాను.

"తలుపు మీద రాసే ఉంది కదయ్యా," అన్నాను గట్టిగానే.

హాల్లో నవ్వులు లేచాయి. ఏం రాసుంది వదినా అని కాసులమ్మ తను కూడా అ, త్య అని కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. అది ద్వారం దాకా వచ్చేసరికి ఇద్దరు శాస్త్రవేత్తలు పోయారు. ఆఖరికి మిగిలిన అమ్మాయి "ప్రమాదం, తెరవరాదు" అని ఉన్న తలుపు చూసి చూసి తెరిచింది. పిశాచి అక్కడే ఉంది. ఎక్కడుంటుంది మరి. ఆ పిల్ల పేరు ముందు డాక్టరని కూడా వేశారు.

బయటికొస్తుంటే నా మనసు చిన్నబోయింది. పంతొమ్మిదేళ్ళు ఆ హాలు గోడ అవతల నిలబడి లోపలి కేకలు విని, లోపల ఏదో గొప్పది జరుగుతోందనుకునేదాన్ని. తీరా కూర్చుని చూస్తే ఇదీ.

పరీక్ష మరుసటి సోమవారం. ఆ ముందు శనివారం నూకరత్నం అందరికీ జవాబు నల్లబల్ల మీద రాసిపెట్టి బట్టీ పట్టించింది. "నాకు భయము మరియు విజ్ఞానము కలిగినవి." అది జిల్లా నుంచి వచ్చిన జవాబే, ఆ పిల్ల తప్పేం లేదు. ఆ శనివారం మ్యాట్నీకి హాలు కిటకిటలాడింది, నేను ఊడుస్తూ ఉండిపోయాను, బడికి పోలేదు. కాబట్టి సొంత దస్తూరీతో పాటు సొంత మాట రాసినదాన్ని పంతొమ్మిది మందిలో నేనొక్కదాన్నే అయ్యాను. నేను రాసింది ఇది:

"సినిమా చూశాను. నాకు భయం వేయలేదు. దారి తలుపు మీద రాసి ఉంది. ఆ ఆరుగురికీ చదువొచ్చి ఉంటే సినిమా ఇంటర్వెల్లుకి ముందే అయిపోయేది."

ఆ నాలుగు వాక్యాలకి గంటన్నర పట్టింది. నా అంతట నేను, ఎవరూ చెప్పకుండా, చూసి రాయకుండా రాసిన మొదటి మాటలు అవి. ఇంటికెళ్ళేదాకా మనసులో చదువుకుంటూనే ఉన్నాను.

గురువారం ఫలితాలొచ్చాయి. పద్దెనిమిది మంది పాసు. నేను తప్పాను. భయానికి సున్నా. విజ్ఞానానికి కూడా సున్నా, ఎందుకంటే భయం లేనిచోట విజ్ఞానం దిద్దరాదని రూలు.

నేను తప్పితే నా మోకాళ్ళ బాధ నాది, జిల్లాకేం పట్టింది అనుకున్నాను. కానీ జిల్లాకి చాలా పట్టింది. దక్షిణామూర్తి గారు పరీక్షకి ముందు రోజే పై ఆఫీసుకి నివేదిక పంపేశారట. "మాసోత్సవంలో జిల్లా యావత్తూ నూటికి నూరు శాతం భయం సాధించబడినది" అని. శాలువా కప్పడానికి తేదీ కూడా వేశారట. జిల్లాలో నాలుగు వేల చిల్లర మంది భయపడ్డారు. భయపడనిది నేనొక్కదాన్ని.

శుక్రవారం ఆయనే స్వయంగా జీపులో దిగారు. పొడుగాటి మనిషి, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు. నా పరీక్ష కాగితం దారం కట్టిన ఫైలులో ఉంది. నన్ను కూర్చోమన్నారు, అమ్మా అన్నారు, మర్యాదగానే మాట్లాడారు. సదరు చిత్రం భయానకమైనదని నిపుణుల సంఘం ధ్రువీకరించింది కనుక, దానిని వీక్షించి భయపడకపోవడమన్నది వ్యక్తిగత అభిప్రాయం కిందికి వస్తుందని, వ్యక్తిగత అభిప్రాయానికి పత్రంలో గడి కేటాయించబడలేదని చెప్పారు.

నేను ఆలోచించి, గడి లేకపోతే పక్కన ఖాళీలో రాసుకోండి అన్నాను.

ఖాళీ ఆఫీసు వాడకానికట.

ఆయన బయటికెళ్ళి టీ తాగుతుంటే నూకరత్నం నా పక్కన కూలబడింది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రెండు ముక్కలు పెద్దమ్మా. భయం వేసింది అని రాసెయ్. నీ పీట నీకొస్తుంది. ఎవరికి నష్టం చెప్పు?" అంది.

నాకూ అలానే అనిపించింది. పెన్ను తీసుకున్నాను కూడా. మా ఆయన గుర్తొచ్చి ఆగిపోయాను.

మా ఆయన గంటా వీరాస్వామి సినిమా రీళ్ళ డబ్బాలు మోసేవాడు. అప్పట్లో ఒకే సినిమా రెండు ఊళ్ళలో ఆడేది. ఇక్కడ ఒక రీలు అవగానే సైకిలు మీద పక్క ఊరి హాలుకి చేర్చేవాడు. ఆ హాల్లో మిషను గదికి ఇనప మెట్లు. నడిమి మెట్టు ఊడిపోయి ఆరు నెలలైందని రోజూ ఇంటికొచ్చి చెప్పేవాడు. ఒక వానాకాలం ఆ మెట్టు దగ్గరే జారి పడి పోయాడు. పది రోజులకి ఎవరో ఒక కాగితం తెచ్చి, పోయినాయన తాలూకు లాంఛనం, వేలిముద్ర వెయ్యమన్నారు. వేశాను. ఒక నకలు నాకిచ్చి పోయారు. అది ట్రంకు పెట్టె అడుగున పద్దెనిమిదేళ్ళు పడుంది. చదవడం వచ్చాక నేను మొట్టమొదట చదివింది అదే. "మెట్లన్నియు సక్రమముగానే యున్నవి. నా భర్త తన తొందరపాటు వలన పడిపోయినాడు. ఇది నేను ఎరిగిన సత్యము." కింద నల్లగా నా వేలు.

ఆ హాలు ఇప్పుడు లేదు. కాగితం ఉంది. నా వేలు అబద్ధం చెప్పింది. వేలికి తెలియదు పాపం. చేతిరాతకి మాత్రం తెలుసు కదా.

పెన్ను నూకరత్నం చేతిలో పెట్టేసి, భయం వేస్తే తప్పకుండా రాస్తానమ్మా, వేయించమను అన్నాను. అది మామూలుగా అన్న మాట. ఆ పిల్ల బయటికెళ్ళి దాన్ని ఆయనకి యథాతథంగా చెప్పింది. దక్షిణామూర్తి గారు దాన్ని అభ్యాసకురాలి విజ్ఞప్తిగా స్వీకరించారు.

ఆదివారం పొద్దున్న వసంత మహల్లో నా ఒక్కదానికోసం సినిమా వేశారు. మరునాడు నెలాఖరు. దీనికి పునర్భయ ప్రదర్శన అని పేరు. భయ నిర్ధారణకి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు: దక్షిణామూర్తి గారు, హాలు తరఫున తాతబ్బాయి గారు, ప్రభుత్వాసుపత్రి నుంచి డాక్టరు ఎస్తేరు గారు. డాక్టరమ్మ బీపీ మిషను తెచ్చింది. ఆదివారం ప్రార్థన మానుకుని రావాల్సి వచ్చిందని మూతి ముడుచుకుని ఉంది. పావుగంటకోసారి నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పుస్తకంలో రాసుకోవాలి. పిశాచికి ముందు ఎంత, పిశాచి తరవాత ఎంత.

నాలుగు వందల పన్నెండు కుర్చీల్లో నడిమధ్య నన్ను కూర్చోబెట్టారు. ఏసీ మామూలుకంటే పెంచారు, చలికి వణికితే వణుకు వణుకేనట. నా వెనక కుర్చీలో జిల్లా ఆఫీసు అటెండరు ముసలయ్యని పెట్టారు. తెర మీద పిశాచి వచ్చినప్పుడు వెనక నుంచి గట్టిగా అరవడం ఆయన డ్యూటీ. ఎక్కడెక్కడ అరవాలో ఐదు చోట్లు మంజూరైన చీటీ ఆయన చేతిలో ఉంది. పాపం, చీకట్లో చీటీ కనపడక నన్నే అడిగాడు. నా టార్చిలైటు వెలుగులో చదివి చెప్పాను. "రాయి పగిలినపుడు ఒకటి" అని ఉంది. ఇప్పుడేనయ్యా, అరిచెయ్ అన్నాను. అరిచాడు. ఆయనకి దగ్గొచ్చింది. మంచినీళ్ళిచ్చాను. ఆయన రిటైరుమెంటు ఇంకో ఏడాదిలోనట, ముగ్గురు మనవలట, ఇంతకు ముందెప్పుడూ ఇలాంటి డ్యూటీ పడలేదట. మిగతా నాలుగు అరుపులూ నిదానంగా అరవమన్నాను. ఆఖరిదానికి నిద్రపోయాడు, లేపాను.

రోజూ మాత్ర వేసుకునేదాన్నే, నా బీపీ మొదట్లో నూట ముప్పై ఉంది. ఇంటర్వెల్లుకి నూట ఇరవై అయింది. ఆఖరికి నూట పదహారు. ఈ సినిమా ఆవిడకి పడిందండీ, మాత్ర తగ్గించవచ్చు అని డాక్టరు ఎస్తేరు గారు సంఘానికి విన్నవించింది. తాతబ్బాయి గారు తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సినిమా అయ్యాక అందరం మేనేజరు గదిలో చేరాం. నూకరత్నం, కాసులమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.  దక్షిణామూర్తి గారు సంచీలోంచి పసుపుపచ్చటి ఫారం ఒకటి తీసి, టేబులు మీద రెండు చేతులతో పరిచారు. దాని మూల ఎర్ర సిరాతో నంబరు గుద్ది ఉంది. ఇలాంటివి జిల్లాకి రెండే వచ్చాయని, ఒకటి ఎలుకలు కొట్టేశాయని, ఆ ఎలుకల తాలూకు సంజాయిషీ ఇంకా నడుస్తూనే ఉందని, కాబట్టి జాగ్రత్తగా చెయ్యి పెట్టమని చెప్పారు.

విషయమేమిటంటే, భయాన్ని పెంచలేనప్పుడు సంఖ్యని తగ్గించాలి. మా కేంద్రంలో పద్దెనిమిది మందే ఉంటే పద్దెనిమిది మందీ భయపడినట్టే, నూటికి నూరూ నిలబడుతుంది. దానికి నేను లేకుండా పోవాలి. చచ్చిపోనక్కర్లేదని ఆయనే అన్నారు. నాకు అక్షరాలు ఎన్నడూ రాలేదని, కేంద్రంలో చేరిక పొరపాటున జరిగిందని నేను ఒప్పుకుంటే చాలు. అంతా టైపు చేసి తెచ్చారు. కింద వేలిముద్రకి గుండ్రటి గడి. ముసలయ్య సిరా మెత్త మూత తీసి నా ముందు పెట్టాడు.

మరి నా కాగితమో అన్నాను.

వచ్చే ఏడాది కొత్తగా చేరవచ్చునన్నారు. అప్పుడు ఇంకా మంచి సినిమా చూపిస్తామన్నారు.

తాతబ్బాయి గారు కిటికీలోంచి గేటు వైపు చూస్తున్నారు. ఎత్తు పీట అక్కడ ఖాళీగా ఉంది.

నేను ఫారం నా వైపు తిప్పుకున్నాను. "ఉండండి బాబూ, చదువుకోనీండి," అన్నాను.

దక్షిణామూర్తి గారు అక్కర్లేదమ్మా, నేను చదివి వినిపిస్తాను కదా అన్నారు. నేను అప్పటికే వేలు పెట్టి మొదలుపెట్టాను. నాకు మనసులో చదవడం ఇంకా సరిగా రాదు, పైకే చదవాలి. "నేను, అనగా గంటా పేరంటాలు, చదువుటకు గాని వ్రాయుటకు గాని ఎంతమాత్రము రాని దానను." అక్కడ కాసేపు ఆగి ఊపిరి తీసుకున్నాను. "ఈ పత్రములోని విషయము నాకు చదివి వినిపించగా విని, ఇది నేను ఎరిగిన సత్యమని అంగీకరించి వేలిముద్ర వేయుచున్నాను." ఆ సత్యము అన్న మాట దగ్గర ఒత్తు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ట్రంకు పెట్టె కాగితంలోనూ అలాగే ఉంది.

చదవడానికి చాలాసేపు పట్టింది. కాసులమ్మ గుమ్మంలోంచి, బాగానే చదివావు వదినా, రాని దానివి కాబట్టి అంత వేగం చాల్లే అంది.

సిరా మెత్త మూత పెట్టేశాను. దక్షిణామూర్తి గారి జేబులోంచి నల్ల పెన్ను అడిగి తీసుకున్నాను. అడగ్గానే ఇచ్చేశారు, అలవాటు కాబోలు. గుండ్రటి గడిలో ఇమడలేదు, అందుకని దాని మీదుగా అడ్డంగా రాశాను.

"పైది చదివాను. గంటా పేరంటాలు."

ఆయన ఫారం ఎత్తి చూశారు. చూస్తూ చూస్తూ కుర్చీలో కూర్చున్నారు. పైన చదవడం రాదని టైపు, కింద చదివానని దస్తూరీ. పై ఆఫీసుకి పంపితే ఇది రాసిందెవరని అడుగుతారు. పంపకపోతే ఫారం ఏదని అడుగుతారు. చింపితే నంబరు ఉంది. ఈసారి ఎలుకలు కొట్టాయంటే రెండోసారి అవుతుంది. ఆయన మొహం మీద చెమట పుట్టింది. పెదాలు తెల్లగా అయ్యాయి. పెన్నుల మీద చెయ్యి వేసి తీశారు, మళ్ళీ వేశారు. రెండుసార్లు ఆ సినిమా చూశాను గాని, భయం అంటే ఎలా ఉంటుందో తెర మీద నాకెక్కడా కనపడలేదు. ఇక్కడ ఏ సంగీతమూ లేకుండా, వెనక ముసలయ్య అరవకుండానే కనపడింది.

డాక్టరు ఎస్తేరు గారు మిషను సర్దుకుంటున్నదల్లా ఆగి, ఆయన చేతికి పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. ముల్లు చూసి కనుబొమలు పైకెత్తింది. "నూట డెబ్భై ఎనిమిది," అని పుస్తకం తెరిచి రాసేసుకుంది.

పునర్భయ ప్రదర్శన నివేదిక అని ఆవిడ దగ్గర వేరే కాగితం ఉంది. దాంట్లో ఒక గడి ఇంకా ఖాళీగా ఉండిపోయింది. ఆవిడ దాన్ని పైకి చదివింది. "ప్రదర్శన సందర్భమున భయపడినవారి సంఖ్య." ఎవరు భయపడ్డారన్న గడి లేదు. పేరుకి గడి లేదు. అభ్యాసకులా అధికారులా అన్న గడి కూడా లేదు. డాక్టరమ్మ మా అందరి మొహాలూ ఒకసారి చూసి, ఒకటి అని వేసింది. కింద సంతకం పెట్టింది. తాతబ్బాయి గారు సభ్యుడి హోదాలో పెట్టారు. ఇక మిగిలింది దక్షిణామూర్తి గారి సంతకం.

ఆయన ఆ ఒకటి అంకె వంక చాలాసేపు చూశారు. లెక్క వేసుకున్నట్టున్నారు. పద్దెనిమిదీ ఒకటీ పంతొమ్మిది. కేంద్రంలో అభ్యాసకులు పంతొమ్మిది. నూటికి నూరు. ఎవరినీ తీసేయనక్కర్లేదు. ఆయన మొహంలోకి రంగు మెల్లగా తిరిగొచ్చింది, సంతకం పెట్టేశారు.

మరి ఈ పసుపు ఫారమో అన్నారు.

దానికి దారి నూకరత్నం చూపించింది. అది మామూలుగా ఆఫీసర్ల ముందు నోరు విప్పదు. సర్క్యులర్లో సొంత దస్తూరీకి నమూనా జతపరచవలెను అని ఉంది కదండీ, ఇద్దరు అధికారుల ఎదుట రాసిన దస్తూరీ జిల్లాలో ఇదొక్కటే కదండీ అంది. దక్షిణామూర్తి గారు ఆ పిల్లని మొదటిసారి చూసినట్టు చూశారు. పైన ఉన్న టైపు మాటల మీద ఎర్ర పెన్నుతో "చదువుటకు ఇవ్వబడిన పాఠము" అని రాసి, నా సంతకం పక్కన "ఉత్తీర్ణత" అని వేశారు.

నివేదిక నాకివ్వమన్నాను. అన్నీ చదివాను. చూసినవారు, భయపడినవారు, గరిష్ఠ రక్తపోటు, తేదీ. ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. కాబట్టి పెట్టమన్న చోట నేనూ సంతకం పెట్టాను.

"ఏమ్మా, ఇప్పటికైనా భయం వేసిందా," అన్నారు జీపెక్కబోతూ దక్షిణామూర్తి గారు. వేళాకోళానికే అన్నారనుకుంటాను.

"మీరు ఫారం తీసినప్పుడు వేసిందండీ. చదివాక పోయింది," అన్నాను.

ఆయనకి శాలువా కప్పారట. సినిమా మూడు వారాలు ఆడింది. మంచి సినిమా కాదు గాని, చుట్టుపక్కల మండలాల్లో ఇంకా భయపడాల్సినవాళ్ళు మిగిలిపోయారని బస్సుల్లో పంపించారు. వచ్చినవాళ్ళ టికెట్లు నేనే చింపాను. పీట ఎత్తు నాకు సరిగ్గా సరిపోయింది. మోకాళ్ళు అప్పుడప్పుడూ చీపురు కోసం చూసుకుంటాయి, నేను ఊరుకోబెడతాను.

లోపలికి వెళ్ళేటప్పుడు ఆ ఆడవాళ్ళు బెరుకుగా అడిగేవారు, బాగా భయంగా ఉంటుందా అక్కా అని. ఉండదమ్మా, తలుపుల మీద రాసినవి చదువుకుంటూ చూడండి అని చెప్పి పంపేదాన్ని. బయటికొచ్చేటప్పుడు కొందరు నవ్వుకుంటూ వచ్చేవారు. వాళ్ళ పరీక్షలు ఏమయ్యాయో నాకు తెలియదు. దక్షిణామూర్తి గారు మాత్రం ఇంకో పసుపు ఫారానికి అర్జీ పెట్టుకున్నారని ముసలయ్య చెప్పాడు.

పైది మొత్తం మళ్ళీ చదివాను.

గంటా పేరంటాలు, వయసు అరవై ఒకటి, వసంత మహల్ వెనక వీధి, కొత్తరేవు.